ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263: అన్నే ఫ్రాంక్ దాక్కున్న ఇంటి కట్టడం, మార్పులు – తరచుగా అడిగే ప్రశ్నలు

నాజీల నుంచి తప్పించుకోవడానికి దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి అన్నే ఫ్రాంక్ గురించి తెలుగులో చదవడానికి చాలానే దొరుకుతుంది. ఆమెతో కలిపి ఎనిమిది మందిని రెండేళ్లకు పైగా దాచిన ఇల్లు ఎలాంటిది, ఎవరు కట్టారు, ఎన్నిసార్లు మార్చారు అంటే మాత్రం ముక్కలు ముక్కలుగా వెతుక్కోవాల్సిందే. ఆమ్‌స్టర్‌డామ్ చూడటానికి వచ్చే మనవాళ్లూ, చూసి వెళ్లాక ఫొటోలు తిరగేస్తూ ఫోన్ చేసేవాళ్లూ అవే డౌట్లు అడుగుతున్నారు కాబట్టి సమాధానాలన్నీ ఒకచోట పెడుతున్నాను. నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. ఆ రహస్య స్థలాన్ని ఎవరూ రహస్యం కోసం కట్టలేదు, ఈ ఊళ్లో వందల కాలువ ఇళ్లకు ఉండే మామూలు ప్లానే, 1740 ప్రాంతంలో చేసిన ఒక మామూలు మార్పే వాళ్లకు ఆసరా అయ్యాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవక్కర్లేదు.

## వెళ్లే ముందు

ఇది అసలు ఎలాంటి ఇల్లు? ఎప్పుడు కట్టారు?

1635లో డిర్క్ వాన్ డెల్ఫ్ట్ అనే ఆయన కట్టించాడు, పక్కనున్న 265వ నంబరు ఇల్లు కూడా ఆయన కట్టించిందే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1613 నుంచి ఊరి చుట్టూ పెద్ద కాలువల వలయం తవ్వడం మొదలుపెట్టారు. హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే మూడు ప్రధాన కాలువల్లో ఇది మూడోదాని ఒడ్డున ఉంది. మొదటి రెండిటి మీద బాగా డబ్బున్న వర్తకులు మేడలు కట్టుకున్నారు. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ మీద ఇళ్లతో పాటు గోడౌన్లు, చేతిపనుల వాళ్ల వర్క్‌షాపులు ఎక్కువ. ఈ ఇల్లు కూడా నివాసంగా మొదలై తర్వాత గోడౌన్‌గా మారింది. ఈ కాలువల వలయం మొత్తాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అన్నే ఫ్రాంక్ వాళ్ల సొంత ఇల్లేనా?

కాదు. వాళ్లు కాపురమున్నది ఊరికి దక్షిణాన మెర్వెడెప్లైన్ దగ్గర ఒక ఫ్లాట్‌లో. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263 నాన్న ఓట్టో ఫ్రాంక్ అద్దెకు తీసుకున్న ఆఫీసు. జామ్ గట్టిపడటానికి వాడే పెక్టిన్ అమ్మే ఒపెక్టా, మసాలా దినుసుల వ్యాపారం చేసే పెక్టాకాన్, ఈ రెండు కంపెనీలనూ ఆయన 1940 డిసెంబరు 1న ఇక్కడికి మార్చారు. 1942 జులై 6న కుటుంబం దాక్కోవడానికి వచ్చింది, అంటే నాన్న ఆఫీసు వెనక భాగంలోకే.

టికెట్ దొరకలేదు, బయట నుంచి చూసినా లాభం ఉందా?

ఉంది. టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే, అవీ త్వరగా అయిపోతాయి కాబట్టి చాలామందికి దొరకవు. కానీ ఇంటి ముందు గుంపులో నిలబడి తల పైకెత్తితే ఏమీ అర్థం కాదు, కాలువ దాటి ఎదురు ఒడ్డుకు వెళ్లండి. అక్కడి నుంచి 263, 265 జంటగా, వాటికి ఆనుకుని తర్వాత కట్టిన మ్యూజియం భవనం, ఆ పక్కన వెస్టర్‌కెర్క్ చర్చి గోపురం అన్నీ ఒకే చూపులో కనపడతాయి. వెనక ఇల్లు మాత్రం వీధిలో ఎక్కడ నిలబడినా కనపడదు, అప్పుడూ కనపడలేదు, ఇప్పుడూ అంతే. 13 లేదా 17 నంబరు ట్రామ్ ఎక్కి వెస్టర్‌మార్క్ట్‌లో దిగితే దగ్గర.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కగలరా?

ఆలోచించే టికెట్ తీయండి. పాత భాగంలో లిఫ్ట్ లేదు, వీల్‌చైర్ వెళ్లదు. మెట్లు దాదాపు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, ఒక్కో మెట్టు మీద పాదం సగమే పడుతుంది. సన్నటి ఇంట్లో మెట్ల కోసం చోటు ఎక్కువ వదలలేక ఇలా కట్టారు, కాలువ ఇళ్లన్నిటిదీ ఇదే పరిస్థితి. కొత్త భవనంలోని భాగం వరకు మాత్రం ఇబ్బంది లేకుండా చూడొచ్చు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అది ముందే పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి.

## బయట నిలబడి చూసేటప్పుడు

ముందు నుంచి ఇంత సన్నగా ఉంది, ఎనిమిది మంది ఎక్కడ పట్టారు?

వీధిలోంచి కనపడేది ఇంట్లో ఒక ముక్కే. ఇక్కడి ప్లాట్లు వెడల్పు తక్కువ, లోతు చాలా ఎక్కువ. రెండు పక్కలా పొరుగు ఇళ్లు ఆనుకుని ఉంటాయి కాబట్టి పక్క గోడలకు కిటికీలు పెట్టే వీల్లేదు, వెలుతురు ముందు నుంచీ వెనక నుంచీ మాత్రమే రావాలి. ఇంటిని ఒకే ముద్దగా లోపలికి పొడిగిస్తూ పోతే మధ్య గదులు చీకటి కొట్లవుతాయి. అందుకే ముందు ఒక ఇల్లు కట్టి, కొంచెం ఖాళీ వదిలి, వెనక ఇంకో ఇల్లు కట్టి, రెంటినీ ఒక పక్కగా సన్నటి నడవాతో కలిపేవారు. మన గోదావరి జిల్లాల మండువా ఇంట్లో నడిమి ఖాళీ చేసే పనినే ఇక్కడ ఆ చిన్న ఖాళీ చేస్తుంది, అందులోంచే రెండు ఇళ్లకూ వెలుతురు, గాలి. ఓట్టో ఫ్రాంక్ ఎంచుకున్నది ఆ వెనక ఇంటి పై అంతస్తులు. ముందు ఆఫీసులో నిలబడ్డ మనిషికి వెనక ఇంకో ఇల్లుందన్న అనుమానమే రాకపోవచ్చు. వాళ్లు మసిలిన గదులన్నీ కలిపినా దాదాపు 46 చదరపు మీటర్లు, అంటే ఐదొందల చదరపు అడుగులు.

ఇళ్లు సన్నగా ఉండటానికి ట్యాక్సే కారణమట కదా?

ఇంటి ముందు వెడల్పును బట్టి ట్యాక్స్ వేసేవారని బోటు గైడ్లు అందరూ చెప్పే మాట ఇది. నేనైతే ట్యాక్స్ కంటే ముందు ప్లాట్ల పంపకాన్నే చెబుతాను. ఆ రోజుల్లో సరుకంతా పడవల్లో ఇంటి గుమ్మం దాకా వచ్చేది, కాలువ ఒడ్డున ప్రతి అడుగుకూ గిరాకీ. అందుకని ఎక్కువమందికి ఒడ్డు దొరికేలా ప్లాట్లను సన్నగా, లోతుగా కోసి అమ్మారు. బాగా డబ్బున్నవాళ్లు రెండు ప్లాట్లు కలిపి కొని డబుల్ వెడల్పు మేడలు కట్టుకున్నారు, హేరెన్‌గ్రాఖ్ట్ మీద అలాంటివి చాలా కనపడతాయి.

నీళ్ల పక్కన ఇంత బరువైన ఇటుక ఇల్లు ఎలా నిలబడింది? కుంగిపోదా?

ఆమ్‌స్టర్‌డామ్ నేల పై పొరంతా మెత్తటి పీట్ (కుళ్లిన మొక్కల మట్టి), బంకమన్ను. గట్టి ఇసుక పొర తగలాలంటే పదకొండు, పన్నెండు మీటర్లు దిగాలి. అందుకని పొడవాటి చెక్క దుంగల్ని వరసగా ఇసుక తగిలేదాకా దిగగొట్టి, వాటి తలల మీద అడ్డదూలాలు, పలకలు పరిచి, ఆ పైన ఇటుక గోడ లేపేవారు. డామ్ స్క్వేర్‌లో ఉన్న రాజభవనం ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయి. చెక్క ఇన్ని వందల ఏళ్లు ఎలా ఉంటుందని అందరూ ఆశ్చర్యపోతారు. దుంగ తల ఎప్పుడూ భూగర్భ జలంలో మునిగి ఉంటే దానికి ఆక్సిజన్ అందదు, కుళ్లు పట్టించే ఫంగస్ బతకదు. నీటిమట్టం కొద్దిగా దిగి తల బయటపడిందంటే కుళ్లు మొదలవుతుంది, ఒక పక్క దుంగలు పాడైతే ఇల్లు ఆ పక్కకు ఒరుగుతుంది. అందుకే ఇక్కడ పాత ఇల్లు కొనేవాళ్లు పెయింటు, టైల్స్ కంటే ముందు పునాది రిపోర్టు అడుగుతారు. పాడైతే ఇంటి కిందే కొత్త పునాది స్తంభాలు దించి కాంక్రీటు స్లాబ్ పోస్తారు, ఆ ఖర్చు మామూలుగా ఉండదు.

ఇళ్లు వీధిలోకి ఒరిగి ఉన్నాయేంటి? పైన ఆ కొక్కెం దేనికి?

పక్కకు ఒరిగితే అది పునాది జబ్బు. ముందుకు వంగి ఉంటే మాత్రం చాలావరకు కావాలని అలా కట్టిందే. అటక దగ్గర బయటికి పొడుచుకొచ్చిన దూలానికి గిలక తగిలించి, తాడుతో సరుకు పైకి లాగేవారు. గోడ కాస్త ముందుకు వంగి ఉంటే మూట కిటికీలకు కొట్టుకోకుండా లేస్తుంది, వాన నీళ్లు కూడా గోడ వెంట అంతగా కారవు. ఆ దూలాలు షోకు మాత్రమే అనుకోకండి, ఇప్పటికీ ఇల్లు మారేటప్పుడు సోఫా, బీరువా ఆ సన్నటి మెట్ల మీద తిరగవు కాబట్టి కిటికీలోంచే లాగుతారు.

కిటికీలు గోడంతా ఉన్నాయి. మూడొందల ఏళ్ల కిందటే అంత పెద్దవి ఎలా పెట్టారు?

అంతస్తుల దూలాలు ఈ పక్క గోడ నుంచి ఆ పక్క గోడకు పరుచుకుని ఉంటాయి, బరువంతా పక్క గోడల మీదే. ముందు గోడ తన బరువు తాను మోసుకుంటే చాలు. మెత్తటి నేల మీద ముందు గోడ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది, లోపలికి వెలుతురు ఎలాగూ కావాలి, అందుకని ఇటుక తగ్గించి గాజు పెంచారు. 17వ శతాబ్దంలో చిన్న గాజు ముక్కల్ని సీసంతో అతికి, చెక్క చట్రంలో బిగించిన కిటికీలుండేవి. 18వ శతాబ్దంలో ఊరంతా వాటిని తీసేసి పైకి జరిపే పెద్ద కిటికీలు పెట్టుకుంది.

ఇంటి నెత్తి చూసి వయసు చెప్పొచ్చంటారు, నిజమేనా?

సుమారుగా చెప్పొచ్చు. నెత్తి అంటే ముందు గోడ పై కొస. మెట్లు మెట్లుగా పైకి వెళ్తే 17వ శతాబ్దం మొదటి సగం. మధ్యలో మెడలా నిటారుగా లేచి పక్కల రాతి చెక్కడాలుంటే ఆ తర్వాతది. ఈ రకంలో అన్నిటికంటే పాతది హేరెన్‌గ్రాఖ్ట్ 168, ఫిలిప్స్ ఫింగ్‌బోన్స్ 1638లో కట్టింది. గంట ఆకారం 17వ శతాబ్దం చివరి నుంచి 18 దాకా. అడ్డంగా తిన్నటి అంచు ఉంటే ఇంకా కొత్తది. అయితే నెత్తి వయసు ఇంటి వయసు కాదు, ఫ్యాషన్ మారినప్పుడల్లా వెనకున్న పాత ఇంటిని అలాగే ఉంచి ముందు గోడ ఒక్కటే మార్పించుకున్నవాళ్లు ఈ ఊళ్లో లెక్కలేనంత మంది.

## 1635 నుంచి 1940 దాకా

మరి ఇప్పుడు కనపడేది 1635 నాటి ఇల్లేనా?

ప్లాటు, ఇల్లు నిలబడ్డ తీరు 1635వి. వీధిలోంచి చూసే ముందు గోడ 1740 ప్రాంతంలో జరిగిన పెద్ద మరమ్మతు నాటిది. అదే మరమ్మతులో వెనకున్న పాత ఇంటిని పడగొట్టి, దానికంటే ఎత్తయింది కట్టారు. ఈ ఇంటి చరిత్రలో నన్ను బాగా పట్టుకున్న విషయం ఇదే. 18వ శతాబ్దంలో ఎవరో యజమాని తన అవసరానికి వెనక ఇంకొంచెం జాగా కావాలనుకున్నాడు, అంతే. ఆ అదనపు అంతస్తులే రెండొందల ఏళ్ల తర్వాత ఎనిమిది మందికి తలదాచుకునే చోటయ్యాయి. పాత పొట్టి ఇల్లే మిగిలి ఉంటే అక్కడ రెండు కుటుంబాలు పట్టేవి కావేమో.

ఇందులో గుర్రాల్ని కట్టేవారట?

అవును, 19వ శతాబ్దంలో కింద అంతస్తు ముందు భాగం, వెడల్పాటి తలుపులున్న గోడౌన్, గుర్రాల శాలగా వాడారు. 20వ శతాబ్దం మొదట్లో ఇంటి సామాన్లు తయారుచేసే కంపెనీ ఉండేది. 1930లో పియానో రోల్స్ తయారుచేసేవాళ్లు వచ్చారు, తానుగా వాయించే పియానోల్లో పెట్టే రంధ్రాల కాగితం చుట్టలన్నమాట. వాళ్లు 1939 కల్లా ఖాళీ చేశారు. ఎవరొచ్చినా గోడలు అవే, అడ్డు పలకలు, తలుపులు మాత్రం పనికి తగ్గట్టు మారుతూ వచ్చాయి.

ఓట్టో ఫ్రాంక్ ఆఫీసు వచ్చాక ఏ ఫ్లోర్‌లో ఏముండేది?

గ్రౌండ్ ఫ్లోర్ మూడు భాగాలు: ముందు సరుకు దించే, పంపే చోటు, మధ్యలో మసాలాలు దంచే మిల్లులు, వెనక ఇంటి కింది భాగంలో ప్యాకింగ్. ఫస్ట్ ఫ్లోర్‌లో ఆఫీసు. వీధి వైపు, తర్వాత దాక్కున్నవాళ్లకు సాయం చేసిన ఉద్యోగులు మీప్ గీస్, బెప్ వోస్కౌల్, యోహన్నెస్ క్లైమన్ కూర్చునేవారు, మధ్య గదిలో అలాగే సాయం చేసిన విక్టర్ కుగ్లర్, వెనక ఇంట్లో ఓట్టో ఫ్రాంక్ గది. ముందు ఇంటి పై అంతస్తుల్లో సరుకు నిల్వ. ఓట్టో గదికి నేరుగా పైనున్న అంతస్తులే దాక్కున్న చోటు. గోడౌన్‌కు, ఆఫీసుకు వీధిలోంచి వేరువేరు తలుపులుండటం కూడా గమనించండి, కింద పనిచేసేవాళ్లు పైకి రావాల్సిన పని పెద్దగా ఉండేది కాదు.

## దాక్కున్న రెండేళ్లు

వెనక ఇంట్లో గదులు ఎలా ఉండేవి?

దారిని దాచిన పుస్తకాల బీరువా తలుపు దాటగానే ఎదురుగా నిటారు మెట్లు, ఎడమ పక్క చిన్న నడవా. ఆ నడవాలోంచి వెళ్తే ఓట్టో, ఆయన భార్య ఎడిత్, పెద్ద కూతురు మార్గో పడుకునే గది, దాని పక్కన అన్నే, వీళ్లతో పాటు దాక్కున్న ఫ్రిట్జ్ ఫెఫర్ పంచుకున్న సన్నటి గది, ఇంకా కిటికీ లేని స్నానాల గది. మెట్లెక్కితే పెద్ద గది. రాత్రి, దాక్కున్న రెండో కుటుంబమైన వాన్ పెల్స్ దంపతుల పడకగది, పగలు అందరికీ వంటగది, భోజనాల గది, కూర్చునే గది అన్నీ అదే. అంతకుముందు అది కంపెనీ ల్యాబ్‌గా వాడిన గది కాబట్టి పొయ్యి, సింకు ముందే ఉన్నాయి, లేకపోతే అక్కడ వంట మొదలుపెట్టడమే కష్టమయ్యేది. పక్కన వాళ్ల కొడుకు పీటర్ ఉండే చిన్న గది, అందులోంచే అటకకు మెట్లు. తిండి గింజలు అటక మీద దాచుకునేవారు.

పుస్తకాల బీరువా తలుపు ఎలా పనిచేసేది? ముందు నుంచీ ఉందా?

వాళ్లు వచ్చినప్పుడు అక్కడ మామూలు తలుపే ఉంది. సోదాలు పెరుగుతున్నాయని 1942 ఆగస్టులో బెప్ నాన్న యోహన్ వోస్కౌల్ చేసిపెట్టారు. ఆయన అక్కడే గోడౌన్‌లో పనిచేసేవారు, చెక్కపని చేయి తిరిగినవారు. బందుల మీద తిరిగే అల్మరా, అరల్లో ఆఫీసు ఫైళ్లు, లోపలి వైపు నుంచి గడియ. అల్మరా కింద దాకా వచ్చి కప్పాలి కాబట్టి గుమ్మం దగ్గర మెట్టు తీసేయాల్సి వచ్చింది. దాంతో తలవంచి, కిందికి దూకినట్టు దిగాలి. మొదటి మూడు రోజుల్లో అందరి నుదుళ్లూ బొప్పి కట్టాయని, పీటర్ రంపపు పొట్టు కూరిన గుడ్డను పై కమ్మీకి మేకులతో కొట్టాడని అన్నే రాసింది. ఇప్పుడు అక్కడున్న బీరువా అసలుదే. అది చూసేటప్పుడు పుస్తకాల కంటే ఆ గుమ్మం ఎత్తు చూడండి, ఒక మామూలు తలుపును దాచడానికి ఎంత కొలత తీసుకుని చేశారో తెలుస్తుంది.

చుట్టూ అన్ని ఇళ్లుంటే ఎవరికీ కనపడలేదా?

వెనక ఇల్లు నాలుగు వరసల ఇళ్ల మధ్య చిక్కుకున్న లోపలి ఖాళీ స్థలం వైపు తిరిగి ఉంటుంది, అటువైపు కైజర్స్‌గ్రాఖ్ట్ ఇళ్ల పెరళ్లు. వీధి మనిషి చూపు పడదు, పొరుగువాళ్ల చూపు మాత్రం పడొచ్చు. అందుకే వచ్చిన మొదటి రోజుల్లోనే అన్నే, నాన్న కలిసి రకరకాల గుడ్డ ముక్కలు కుట్టి తెరలు చేసి కిటికీలకు బిగించేశారు, దాక్కున్నన్నాళ్లూ అవి అలాగే ఉన్నాయి. బయటి ఆకాశం చూడాలంటే అటక కిటికీ ఒక్కటే.

చెక్క నేల మీద అడుగుల చప్పుడు కిందికి వినపడదా?

వినపడుతుంది, అదే వాళ్ల రోజంతా ఉండే టెన్షన్. చెక్క దూలాలు, చెక్క పలకలు, మధ్యలో చప్పుడు ఆపేది ఏమీ లేదు. ఆఫీసులో సాయం చేసేవాళ్లకు విషయం తెలుసు, గోడౌన్‌లో పనిచేసేవాళ్లలో బెప్ నాన్నకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అందుకని పని గంటల్లో బూట్లు వేసుకోరు, కుళాయి తిప్పరు, టాయిలెట్‌లో నీళ్లు వదలరు, పైపుల్లో నీళ్లు దిగే చప్పుడు కింద వినపడుతుందని. వెళ్లినప్పుడు ఒక్క నిమిషం కదలకుండా నిలబడి మిగతా సందర్శకుల అడుగులు వినండి, ఈ కష్టం ఎంతటిదో బాగా తెలుస్తుంది.

## 1944 తర్వాత

గదులన్నీ ఖాళీగా ఉన్నాయి, సామాన్లు ఏమయ్యాయి?

1944 ఆగస్టు 4న ఎనిమిది మందినీ అరెస్టు చేశాక, సామాన్లన్నీ నాజీల ఆదేశాలతో ఎత్తుకెళ్లిపోయారు. తిరిగొచ్చింది ఓట్టో ఒక్కరే. మ్యూజియం పెట్టేటప్పుడు మళ్లీ మంచాలు, కుర్చీలు వేద్దామా అంటే ఆయన వద్దన్నారు, ఖాళీగానే ఉంచమన్నారు. అప్పట్లో ఎలా ఉండేదో చూపడానికి చిన్న మోడల్స్ చేయించారు, అవి తప్పకుండా ఆగి చూడండి. "ఇంత దూరం వచ్చి ఖాళీ గదులా" అని కొందరు నిరాశపడతారు. నా మటుకు ఆయన నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైంది. కొత్త సామాను పెట్టి ఉంటే అది సినిమా సెట్‌లా ఉండేది, పోయినవాళ్లు పోయారన్న నిజాన్ని కప్పేసేది.

దీన్ని కూల్చేయబోయారని విన్నాను.

నిజమే. 1955లో కంపెనీ వేరేచోటికి మారింది, ఈ వరస ఇళ్లన్నీ ఒకే చేతిలోకి వెళ్లాయి, కూల్చి కొత్తది కట్టాలని ప్లాన్. ఆ ఏడాది నవంబరులో "హెట్ ఫ్రై ఫోల్క్" అనే డచ్ పత్రిక ఇంటిని కాపాడాలని ప్రచారం మొదలుపెట్టింది, జనం ఇంటి ముందుకొచ్చి నిరసన తెలిపారు. 1957 మే 3న ఇంటిని కాపాడటానికి అన్నే ఫ్రాంక్ ఫౌండేషన్ పెట్టారు, అదే ఏడాది యజమాని కంపెనీ ఇంటిని వాళ్లకు విరాళంగా ఇచ్చేసింది. పోగైన చందాలతో 265 కొన్నారు. వరసలో మిగిలినవి కూల్చేశారు. 1960 మే 3న మ్యూజియం తెరిచారు.

ఇప్పుడు లోపల చూసేదాంట్లో అసలుది ఎంత, తర్వాత కట్టింది ఎంత?

వెనక ఇల్లు చాలావరకు అసలుదే: గదులు, మెట్లు, అన్నే గోడకు అంటించుకున్న బొమ్మలు, పిల్లల ఎత్తు కొలిచి గీసిన పెన్సిల్ గీతలు, మిత్ర సైన్యాలు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకోవడానికి ఓట్టో గోడకు పెట్టిన నార్మండీ మ్యాప్. ముందు ఇంటి కథ వేరు. 1960లో ప్రదర్శనకు హాలు కావాలని అందులో గోడలు మార్చేశారు. జనం పెరిగేకొద్దీ ఇల్లు తట్టుకోలేకపోయింది. మొదటి ఏడాది వచ్చింది తొమ్మిది వేల పైచిలుకు మంది, తర్వాత ఏటా పది లక్షలు దాటే స్థాయికి వచ్చింది. 1990ల్లో పక్కన కొత్త భవనం కట్టి టికెట్లు, ప్రదర్శనలు, కేఫే అన్నీ అందులోకి మార్చి, ముందు ఇంటిని యుద్ధకాలపు ఆఫీసులా మళ్లీ కట్టారు. 1999 సెప్టెంబరులో రాణి బేయట్రిక్స్ ప్రారంభించారు. అంటే ముందు ఆఫీసు గదుల్లో మీరు చూసేది చాలావరకు పునర్నిర్మాణం. అది తెలుసుకుని చూస్తే మంచిది, పునర్నిర్మాణం చేయడమే మంచిదైందని కూడా అంటాను, ఎందుకంటే ఆఫీసు ఆఫీసులా లేకపోతే వెనక ఇంటి రహస్యం అర్థం కాదు.

ఎంట్రన్స్ అసలు ఇంటికి కాకుండా వేరే పక్కన ఎందుకు?

ఆ పాత గుమ్మం, పాత మెట్లు అంతమందిని మోయలేవు. 2018 నవంబరు 22న రాజు విల్లెమ్ అలెగ్జాండర్ ప్రారంభించిన చివరి మరమ్మతులో ఎంట్రన్స్‌ను వెస్టర్‌మార్క్ట్ వైపు మార్చారు.

అన్నే చూసే చెట్టు ఇంకా ఉందా?

లేదు. అటక కిటికీలోంచి కనపడే ఆ చెస్ట్‌నట్ కైజర్స్‌గ్రాఖ్ట్ వైపు ఇంటి పెరట్లోది. తెగులు పట్టి బలహీనపడితే ఇనుప ఊత కట్టారు, అయినా 2010 ఆగస్టు 23న గాలివానకు పడిపోయింది. దాని మొక్కల్ని చాలా దేశాల్లో నాటారు.

## మిగతా డౌట్లు

నేను ఇక్కడ పాత కాలువ ఇల్లు కొంటే నా ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చా?

అది రక్షిత కట్టడమైతే కుదరదు. దేశ స్థాయిలో ఒక జాబితా, నగర స్థాయిలో ఇంకోటి ఉన్నాయి, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263 దేశ స్థాయి జాబితాలో ఉంది. కిటికీ చట్రం మార్చాలన్నా, లోపలి పాత మెట్లు కదపాలన్నా ముందు పర్మిషన్ తీసుకోవాలి. సింగిల్ గాజు తీసేసి డబుల్ గ్లేజింగ్ పెట్టడం దగ్గరే చాలామందికి చిక్కు వస్తుంది, ఎందుకంటే పాత సన్నటి చెక్క చట్రంలో మందపాటి గాజు పట్టదు. కొనే ముందే నగరపాలక సంస్థ దగ్గర ఏ జాబితాలో ఉందో చూసుకోండి.

మన తెలుగు నేలతో ఈ కాలువ ఇళ్లకు ఏమైనా సంబంధం ఉందా?

ఈ ఒక్క ఇంటి కంటే, దాని చుట్టూ ఉన్న కాలువల నగరానికి ఉంది. ఈ ఊరి సంపదలో పెద్ద వాటా డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీది. 1602లో పుట్టిన ఆ కంపెనీ 1605 కల్లా మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుంది, మన తీరం నుంచి నేత బట్టలు కొని ఆగ్నేయాసియాలో ఇచ్చి మసాలా దినుసులు తీసుకునేది. కాలువలు తవ్వడం మొదలైంది 1613లో, తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. భీమునిపట్నంలో డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కంపెనీ మనుషుల్ని బానిసలుగా కొని అమ్మిందన్న సంగతి కూడా ఆ మేడలు చూసేటప్పుడు మర్చిపోకూడదు.

సామాన్లతో నిండిన కాలువ ఇల్లు చూడాలంటే?

రెండు చెబుతాను. హేరెన్‌గ్రాఖ్ట్ 605లోని విల్లెట్-హోల్ట్‌హౌసెన్ ఇల్లు 1687 ప్రాంతంలో కట్టింది, చివరి యజమానురాలు 1895లో నగరానికి రాసిచ్చేసింది. కైజర్స్‌గ్రాఖ్ట్ 672లోని వాన్ లోన్ ఇల్లు 1672 నాటిది, ఆర్కిటెక్ట్ అడ్రియాన్ డోర్ట్స్‌మన్, వెనక తోట, బండ్ల షెడ్డు కూడా మిగిలున్నాయి. కానీ మార్పుల మీద ఆసక్తి ఉంటే ఔడెజైడ్స్ ఫోర్‌బర్గ్‌వాల్ 40కి వెళ్లండి. అక్కడ 1661–63లో ఒక కాథలిక్ వర్తకుడు మూడు ఇళ్ల అటకల్ని కలిపేసి లోపల ఏకంగా ఒక చర్చి కట్టించాడు, అప్పట్లో కాథలిక్కుల బహిరంగ పూజలకు అనుమతి లేదు మరి. వీధిలోంచి చూస్తే మామూలు ఇల్లే.

అమెరికాలో ఉంటున్నాం, ఆమ్‌స్టర్‌డామ్ రాలేం. ఏమైనా దారి ఉందా?

మ్యూజియం వెబ్‌సైట్‌లో వెనక ఇంటి గదులన్నీ సామాన్లతో సహా తిరిగి చూసే వీలుంది, ఉచితమే. ఇంకోటి, 2025 జనవరి 27న న్యూయార్క్‌లోని సెంటర్ ఫర్ జ్యూయిష్ హిస్టరీలో వెనక ఇంటి పూర్తి సైజు నమూనా తెరిచారు, అందులో గదుల్ని అప్పటిలా సామాన్లతో అలంకరించారు. అది ఎప్పటికీ ఉండే ప్రదర్శన కాదు కాబట్టి బయలుదేరే ముందు నడుస్తోందో లేదో చూసుకోండి. గదుల కొలతలు ఒంటికి తెలియాలంటే నమూనా మంచిదే, మెట్లు ఎంత నిటారో తెలియాలంటే మాత్రం ప్రిన్సెన్‌గ్రాఖ్ట్‌కే రావాలి.